పాము గిలాసలో చింతగింజ

నిన్న మధ్యాహ్నం భోజనాలైన తర్వాత మా మనుమరాలు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుని, ఉన్నట్టుండి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల, పరీక్ష పోయినా కంటతడి పెట్టని గట్టిది. సంగతేమిటని దగ్గరికి వెళ్లి అడిగితే, ఏదో కొత్త కంప్యూటర్ భాష నేర్చుకోవడానికి వంద రోజుల పందెం కట్టిందట, రోజుకొక ప్రోగ్రాం రాసి పంపాలట, రాసినన్ని రోజులూ తెర మీద ఒక చిన్న మంట బొమ్మ వెలుగుతూ ఉంటుందట, ఒక్కరోజు తప్పితే అది ఆరిపోయి లెక్క మళ్లీ మొదటికొస్తుందట. నిన్న నలభై ఒకటో రోజు. రాసింది నడుస్తోంది గానీ జవాబు తప్పొస్తోంది, ఎక్కడ తప్పో దొరకడం లేదు. ఫోనునడిగితే క్షణంలో చెప్పేస్తుంది కదే అన్నాను. అలా అడిగితే పందెం చెడినట్టేనని తనకు తానే పెట్టుకున్న నియమమట. ఆ మాటకు నాకు ముచ్చటేసి తల నిమరబోతే, నా చెయ్యి తోసేసి, "నీకేం తెలుస్తది నానమ్మా, రోజూ ఒకటి రాసుడంటే ఎంత కష్టమో" అని విసుక్కుంది.

నాకేం తెలుస్తుందా! కోపం, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చాయి. నా వయసు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీకు మాత్రం చెప్పుకుంటాను, పిల్లలతో చెబితే కథలనుకుంటారు. కంప్యూటరు అనే వస్తువును కంటితో చూడకుండా, ఈ బీదరులోనే, పోస్టుకార్డుల మీద, వంద రోజులు ఒక్కరోజు తప్పకుండా నేను ప్రోగ్రాములు రాశాను. వాటిని నడిపించింది మా అత్తమ్మ. నడిపించడమంటే పర్యవేక్షించడం కాదు. ఆమే నా యంత్రం.

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలో, కచేరీల బోర్డుల మీద కొత్త పేరు రంగు ఇంకా ఆరీ ఆరకముందే, నేను బీదరుకు కాపురానికొచ్చాను. మా ఆయన పోస్టాఫీసులో గుమాస్తా. పుట్టిల్లు జహీరాబాదు దగ్గరి పల్లె. లెక్కలంటే నాకు ప్రాణం, ఆ పిచ్చితోనే హైదరాబాదులో మేనమామ ఇంట ఉండి బి.ఎస్సీ. దాకా చదువుకున్నాను. తీరా ఇక్కడికి వచ్చి చూస్తే ఏ ఉద్యోగానికైనా కన్నడం రావాలి, నాకొచ్చిన కన్నడం కూరగాయలు బేరమాడడానికి సరిపోయేది గానీ కచేరీ కాగితం రాయడానికి చాలేది కాదు. అప్పట్లో మా అన్న హైదరాబాదులో ఒక పెద్ద సర్కారీ సంస్థలో పంచ్ కార్డులు, అంటే కంప్యూటరు చదివే చిల్లుల అట్టలు, కొట్టే పనిలో ఉండేవాడు. వాళ్ల దగ్గర కంప్యూటరు వచ్చిందనీ, ప్రోగ్రాములు రాయడానికి మనుషులను పరీక్ష పెట్టి తీసుకుంటున్నారనీ వాడు జాబు రాస్తే, ఎగురుకుంటూ పోయి రాసి వచ్చాను. రాసి వచ్చాను అనడం గొప్పకే. ప్రశ్నపత్రమంతా ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాషలో ఉంది, నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు, తెల్లకాగితం మీద నా నంబరు మాత్రం వేసి ఇచ్చి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ పరీక్ష ఇంకొక్కసారి వస్తుందనీ, ఆ తర్వాత నా వయసు పరిమితి దాటిపోతుందనీ అన్న చెప్పాడు. అంటే నాకు మిగిలింది ఒకే ఒక్క అవకాశం. పోతే పోయిందిలే అని మా ఆయన ఓదార్చాడు గానీ, నేను చదివిన లెక్కలన్నీ పాలవాడి చీటీ చూసుకోవడానికే పనికొస్తాయేమోనన్న దిగులు నన్ను లోపల్లోపల తినేసేది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు, ఆ రోజుల్లో రొట్టెల పిండి కలుపుతూ కూడా ఏడ్చేదాన్ని.

అప్పుడు పెట్టాడు మా అన్న ఈ పందెం. పాత పుస్తకంలోంచి లెక్కలు చేత్తో ఎత్తి రాసి ఒక కట్ట పంపాడు, వాటితో పాటు భాషను గురించి నలభై పేజీల నోటుబుక్కు. నియమం ఏమిటంటే రోజుకొక ప్రోగ్రాం రాయాలి, అది ఒక్క పోస్టుకార్డులో పట్టాలి, కార్డు మీద ఆ రోజు తేదీ ముద్ర ఉండాలి. ఆదివారం ముద్ర పడదు గనుక సోమవారం రెండు కార్డులు. యాభై రోజులు తప్పకుండా పంపితే ఒకదాన్ని తనే పంచ్ చేసి, ఎవరినో బతిమాలుకుని, అసలు యంత్రం మీద నడిపించి చూపిస్తాడు. వంద రోజులు పూర్తయ్యేసరికి పరీక్ష వస్తుంది. రోజూ చెయ్యి ఆడకపోతే ఏ విద్యా పట్టుబడదనీ, తన వేళ్లకు పని అట్లాగే పట్టుబడిందనీ రాశాడు. ఒక్కరోజు తప్పినా ఇక నన్ను అడగొద్దు అని కింద గీత గీసి మరీ రాశాడు. వాడికి కామా, చుక్క తప్పితే పట్టుకోవడం వచ్చు, లెక్క నడక తప్పితే పట్టుకోవడం రాదు. ఆ సంగతి ముందుముందు ఉపయోగపడుతుంది, గుర్తుంచుకోండి.

ఇంతకీ మా అత్తమ్మ. కుశనూర్‌లో వాళ్లది వ్యవసాయం. మామ ఉన్నన్నాళ్లూ కల్లంలో జొన్నరాశి కొలవాలంటే ఆమే కూర్చునేది. సొంత కల్లమే కాదు, ఊళ్లో ఎవరి రాశి దగ్గర తగువొచ్చినా ఆమెను పిలిపించేవారట, ఆమె శేరుతో కొలిస్తే అటువాళ్లూ ఇటువాళ్లూ నోరెత్తేవారు కాదట. మామ పోయాక పొలం పెద్ద బావగారి చేతిలోకి వెళ్లి, అత్తమ్మ మా దగ్గరికి బీదరు వచ్చేసింది. పట్నంలో బియ్యం సంచీలో తూచి వస్తాయి, కొలిచే పనేముంది? ఆమె మధ్యాహ్నమంతా వరండాలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పని పోయిన మనిషి అట్లా కూర్చోవడం ఎంత కష్టమో నా దిగుల్లో పడి నేను చాలా రోజులు గమనించనే లేదు.

మొదటి వారం నేను రాసిన ప్రోగ్రాము సరైందో కాదో తెలిసే దారి లేక కాగితం మీద కొట్టుకుంటుంటే, ఏం జేస్తున్నవు బిడ్డా అని అడిగింది. విసుగ్గానే చెప్పాను: ఒక యంత్రం ఉంటుంది, దాంట్లో గిన్నెల్లాంటివి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో పేరు, ఏ గిన్నెలో ఎన్ని వెయ్యాలో, ఎందులోంచి ఎందులోకి పొయ్యాలో వరసగా రాస్తే అది అట్లాగే చేస్తుంది, సొంత తెలివి ఉండదు. ఆమె లేచి పోయి, ఆరు స్టీలు గిలాసలు, ఒక సంచీ చింతగింజలు తెచ్చి చాప మీద పెట్టుకుని కూర్చుంది. "చెప్పు. సొంత తెలివి నేను గూడ వాడ" అంది.

అట్లా మొదలైంది. గిలాసల మీద సుద్దతో అక్షరాలు రాశాను. ఆమెకు చదువు రాదు, అందుకని తన పేర్లు తనే పెట్టుకుంది. ఎస్ రాసినది పాము గిలాస, ఐ కర్ర గిలాస, ఏ నిచ్చెన గిలాస, ఎక్స్ కత్తెర గిలాస. నేను కార్డు పట్టుకుని ఒక్కో వరసా తెలుగులో చదివేదాన్ని: కర్ర గిలాసలో ఎన్ని గింజలున్నాయో అన్ని సంచీలోంచి తీసి పాము గిలాసలో వెయ్యి, కర్ర గిలాసలో ఇంకొకటి పెంచు, పది దాటిందా చూడు, దాటకపోతే మళ్లీ పై వరసకు పో. ఆమె వేళ్లు ఎంత చురుకనుకున్నారు! కొలిచే అలవాటు కొద్దీ ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, లాభం, రెండు, మూడు అని పాడినట్టు లెక్కపెట్టేది. భోజనాలు కాగానే చాప పరచడం, నాలుగింటికి పోస్టాఫీసులో సంచీ కట్టేలోపు మా ఆయన మనిషిని పంపితే కార్డు ఇవ్వడం, ఇదీ మా దినచర్య.

ఒకరోజు నేను వెనక్కి పొమ్మని రాసి, ఎప్పుడు ఆగాలో రాయడం మరిచిపోయి, చదివి వినిపించి నీళ్ల కోసం పంపు దగ్గరికి పోయాను. పంపు దగ్గర వరస పెద్దది. తిరిగొచ్చేసరికి అత్తమ్మ ఒకే గింజను నిచ్చెన గిలాసలోంచి కత్తెర గిలాసలోకి, కత్తెరలోంచి నిచ్చెనలోకి వేస్తూనే ఉంది. వంటింట్లోంచి పప్పు మాడిన కంపు ఇల్లంతా కమ్ముకుంది. అయ్యో, పొయ్యి చూడలేదా అత్తమ్మా అని కేకేస్తే, తల ఎత్తకుండా, "ఆపుమని నీ కార్డుల యాడుంది? రాస్తె ఆపకపోదునా?" అంది. ఆమె మూతి చివర నవ్వు చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ పూట ముగ్గురమూ పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నాం. కానీ ఆపమని రాయకుండా వెనక్కి పొమ్మన్న తప్పు నేను జన్మలో మళ్లీ చెయ్యలేదు.

ఇరవయ్యో రోజు దాటాక కొత్త తంటా వచ్చింది. ఒకటి నుంచి పది దాకా కూడితే యాభై అయిదు రావాలి కదా, అత్తమ్మ పాము గిలాసలో యాభై ఆరు వచ్చాయి. గిలాసలు నేనే ఒంపి మళ్లీ చేయిస్తే సరిగ్గా వచ్చింది. మర్నాడు ఇంకో లెక్కలో ఒకటి ఎక్కువ. ఆ మర్నాడూ అంతే. ఆమె లెక్క తప్పుతోందేమో, వయసు మీద పడిందేమో అనుకుని ఓపిక పట్టాను. నాలుగో రోజు పని ముగించి గింజలు సంచీలో పోస్తుంటే కనిపెట్టాను. ప్రతి గిలాసలోనూ ఒక్క గింజ వదిలేస్తోంది. అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు చూసి, కొలిచే పాత్రను ఖాళీగా పెడతారా ఎక్కడైనా, నాలుగు గింజలుంచితేనే ఇంట్లో కలిమి నిలుస్తుంది, శేరును ఎన్నడైనా ఒట్టిగా బోర్లించానా అంది. పనిలో చెయ్యి కుదిరిన కొద్దీ ఆ చేతికి పాత అలవాటు తిరిగొచ్చిందన్నమాట.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఇది మీ జొన్నరాశి కాదు, ఇది లెక్క, నీ చాదస్తం వల్ల నాలుగు రోజులు నా తల పగిలింది, నాకున్నది ఒక్కటే అవకాశం, దాన్ని నువ్వు గింజలతో పాడుచేస్తున్నావు అని నోటికొచ్చినట్టు అనేశాను. ఆమె గిలాసల వైపు చూస్తూ మెల్లగా, "మొదలు గిలాస ఒంపుమని నువ్వు రాయలే గద బిడ్డా. రాస్తె ఒంపకపోదునా?" అంది. పప్పు మాడిన నాటి మాటే అది, ఈసారి మాత్రం మూతి చివర నవ్వు లేదు. నేను వినిపించుకోకుండా గిలాసలన్నీ విదిలించి బోర్లించాను. ఆ రోజు నుంచి ఆమె రోజూ నాకు ఖాళీ గిలాసలే పెట్టింది. జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి. లాభం, రెండు అనే పాట మాత్రం వినిపించేది కాదు, లోపలే లెక్కపెట్టుకునేది.

యాభై రోజులు నిండాయి. మాట ఇచ్చినట్టే అన్న నా పాత కార్డొకటి, ఆ ఒకటి నుంచి పది కూడే లెక్కే, పంచ్ చేసి యంత్రం మీద నడిపించాడు. వారానికి కవరు వచ్చింది. లోపల అంచుల వెంబడి చిల్లులున్న వెడల్పాటి కాగితం మడత. యాభై అయిదు ఉండవలసిన చోట ఏడెనిమిది అంకెల పిచ్చి సంఖ్య ఒకటి అచ్చయి ఉంది. యాభై రోజులూ గంగపాలే అనుకుని, అన్న జాబు విప్పాను. వాడికి అర్థం కాక అక్కడి ప్రోగ్రామరును అడిగితే ఆయన ఒక్క చూపులో చెప్పాడట: ఎస్ అనే స్థలంలో అంతకుముందు ఎవరిదో లెక్క తాలూకు మిగులు ఉండిపోయింది, నువ్వు సున్నా చెయ్యమని చెప్పకపోతే యంత్రం తనంతట తాను తుడవదు, ఉన్నదాని మీదే కూడుకుంటూ పోతుంది.

ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో. వరండాలో నా ఎదురుగా అత్తమ్మ, చాప మీద ఆరు ఖాళీ గిలాసలు. ఆమె కచ్చితమైన యంత్రం. తప్పు రాసింది నేను, తిట్టిందీ నేను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. క్షమించమని అడగడం మన ఇళ్లల్లో ఎక్కడ అలవాటు? సంచీలోంచి ఆరు గింజలు తీసి ఒక్కో గిలాసలో ఒక్కోటి వేసి, జాబులో ఉన్నది ఆమెకు చదివి వినిపించాను. అసలు యంత్రం కూడా నీలాగే మిగులు ఉంచుతుందట అత్తమ్మా, తప్పు నాదే అన్నాను. ఆమె ముఖం విప్పారిన తీరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. "మరి! మిషిన్ అయితె మాత్రం ఒట్టి గిన్నెతోని సంసారం జేస్తదా?" అంది. మరునాటి నుంచి ఇక చూడండి ఆమె ఆగడం! ఒక గిలాసలో మూడు, ఒకదాంట్లో పదకొండు, నాకు కనబడకుండా పైన గుడ్డ కప్పి, ఏమున్నాయో నీకు తెలియదు, చెప్పుకో అన్నట్టు కూర్చునేది. ఏ గిలాసనైనా ముందుగా ఖాళీ చెయ్యమని రాయకుండా నేను ఒక్క వరస ముందుకు పోలేని స్థితికి తెచ్చింది. ఆ పాట మళ్లీ మొదలైంది.

ఎనభై మూడో రోజున నాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, ఒళ్లు పెనంలా కాలిపోతోంది, నోటుబుక్కులో అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. మా ఆయన ఒంటిగంటకు భోజనానికొచ్చాడు. రేపు రాసిస్తాను, ఇవాళ్టి తేదీ ముద్ర కొట్టరాదా అని బతిమాలాను. దొంగతనం చెయ్యమన్నట్టు చూశాడు. ఆయన మంచివాడే, ముద్ర దగ్గర మాత్రం రాయి. అత్తమ్మకు ఒళ్లు మండింది. "ముద్ర గొట్టెటోడు ఇంట్లనే ఉండి ఏం ఫాయిదా? సరె, కాగితం తీయ్. నేను చెప్త, నువ్వు రాయ్" అని కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

ఆమె చెప్పింది తన విద్యే, కల్లంలో రాశి కొలిచే విధానం. శేరు నింపి పొయ్యాలి, పోసినప్పుడల్లా కర్ర గిలాసలో ఒక గింజ. కర్ర గిలాసలో ఇరవై కాగానే నిచ్చెన గిలాసలో ఒక గింజ వేసి, కర్ర గిలాస ఒంపేసి, చేతులు దులుపుకుని మళ్లీ లాభం నుంచి మొదలు. రాశి అయిపోయేదాకా అంతే. చెబుతూ చెబుతూ ఆమె రెండు అరచేతులూ టపటపా దులిపింది. మా ఆయన చేతులు దులుపుకోవడం కూడా రాయాలా అమ్మా అని నవ్వితే, "అదే అసలు రాయాలె. దులుపుకోకపోతె వెనుకటి ఇరవై ముందటి ఇరవైల కలుస్తది. తగువులన్ని ఆడనే" అని గద్దించింది. నేను దుప్పటి కప్పుకుని పడుకునే ఆయన రాసిన తెలుగును ఫోర్ట్రానులోకి మార్చాను. మళ్లీ మళ్లీ తిరిగే ఒక చుట్టులో ఇంకో చుట్టు. నేను అప్పటిదాకా భయపడి దాటేస్తూ వచ్చిన పాఠం అదే. మూడున్నరకు మా ఆయన కార్డు పట్టుకుని పోయి తన చేత్తోనే ముద్ర కొట్టాడు. అన్న జవాబు ఇట్లా వచ్చింది: ఇప్పటిదాకా రాసినవాటిలో ఇదే నిఖార్సైనది, నీకు అప్పుడప్పుడూ జ్వరం రావాలమ్మా.

వందో కార్డు వేసిన వారానికి పరీక్ష. మళ్లీ అదే హాలు, అవే మెట్లు. చుట్టూ ఉన్నవాళ్లలో కంప్యూటరును చూసినవాళ్లు, తాకినవాళ్లు ఉన్నారు. చిన్న ప్రశ్నలన్నీ గట్టెక్కాక చివర పెద్ద ప్రశ్న, సగం మార్కులు దానివే. ముప్పైమంది పిల్లలు, ఒక్కొక్కరికి అయిదు సబ్జెక్టులు, ఒక్కొక్కరి మొత్తం కట్టే ప్రోగ్రాం ముందే రాసి ఇచ్చారు. మొదటి పిల్లవాడి మొత్తం సరిగ్గా వస్తుంది, తర్వాత వాళ్లందరిదీ తప్పొస్తుంది, ఎందుకు? మొదట నాకూ ఏమీ కనిపించలేదు. ఎస్‌ను సున్నా చెయ్యమని పైన రాసే ఉంది, ఇక తప్పెక్కడ? పోయినసారి తెల్లకాగితం కళ్లముందు ఆడింది. కళ్లు మూసుకుని, ఒక్కో వరసా మనసులో అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె మొదటి పిల్లవాడి అయిదు కొలతలూ పాము గిలాసలో పోసింది, మొత్తం చెప్పింది, రెండోవాడి దగ్గరికి వచ్చింది. చేతులు దులుపుకోలేదు. కార్డులో లేదు గనుక దులుపుకోలేదు. మొదటివాడి మార్కుల మీదే రెండోవాడివి పోసేస్తోంది. కళ్లు తెరిచి, సున్నా చేసే వరసను పై నుంచి తీసి లోపలికి, ప్రతి పిల్లవాడి మొదట్లోకి జరిపి రాశాను. కలం పెట్టేసి, పక్కవాళ్లు చూస్తారన్న వెరపు కూడా లేకుండా, నా రెండు చేతులూ దులుపుకున్నాను.

నెలన్నరకు కవరొచ్చింది. మా ఆయన పొద్దున సంచీ విప్పినప్పుడే దాన్ని చూశాడట. తెరవలేదు, తనతో తేలేదు, జాబు ఇవ్వవలసినవాడు పోస్ట్‌మ్యాన్ గనుక అతని వెనకాలే నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. నేను చదివి, ఎంపికయ్యానని చెప్పగానే ఆయన గడపలోనే కూలబడ్డాడు. అత్తమ్మ మాత్రం సంతోషపడుతూనే గిలాసలు ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి, సుద్ద అక్షరాలు చెరిపేస్తూ, "ఇగ నాతోని పని లేదు గద బిడ్డా" అంది. అప్పుడు ఏడ్చాను. నా జన్మలో అంత ఏడుపు లేదు. ఆమెను పట్టుకుని, నువ్వు లేకపోతే నాకు ఈ కాగితం లేదు అత్తమ్మా, నువ్వు లేని చోటికి నేను పోను అని అన్నాను. అనవలసిన మాట ఒకటి అనవలసిన వేళకు అన్నానన్న తృప్తి నాకు ఈనాటికీ ఉంది. మా ఆయన సీనియారిటీ వదులుకుని హైదరాబాదుకు బదిలీ పెట్టుకున్నాడు, అదేమంత పెద్ద విషయం కానట్టు ఒక్కనాడూ ఎత్తలేదు. ముగ్గురమూ కలిసే వెళ్లాం.

చేరిన కొన్నాళ్లకు, ఇంటివాళ్లను తీసుకొచ్చి చూపించుకోవచ్చన్న ఒక రోజున, అత్తమ్మను తీసుకుపోయాను. చల్లటి గది, అద్దాల కిటికీ, లోపల బీరువాలంత పెట్టెలు, తిరుగుతున్న చక్రాలు. ఆమె చాలాసేపు ముక్కు అద్దానికి ఆనించి చూసి, "గిలాసలు యాడున్నయి బిడ్డా?" అని అడిగింది. లోపలే ఉన్నాయి, వేలకు వేలున్నాయి, చిన్నచిన్నవి అన్నాను. తల ఊపింది. వచ్చేటప్పుడు కొంగు ముడి విప్పి ఒక చింతగింజ తీసి, ఎవరూ చూడకుండా కిటికీ అంచు మీద పెట్టింది. మర్నాడు నేను పనికి పోయేసరికి ఊడ్చేశారు. నేను ఇంకొకటి తెచ్చి నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అది అక్కడే ఉంది, పదవీ విరమణ చేసి తిరిగి బీదరు వచ్చేటప్పుడు మాత్రం కావాలనే వదిలేసి వచ్చాను.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మా ఆయనా లేరు. మా అబ్బాయి ఇక్కడి కాలేజీలో పాఠాలు చెబుతాడు, వాడి కూతురే ఈ మంటబొమ్మ పిల్ల. ఇప్పటి భాషలు అడగకుండానే చాలా సర్దిపెడతాయట, తప్పు రాస్తే ఎర్రగీత గీసి అక్కడికక్కడే చూపిస్తాయట. మంచిదే, వద్దనను. మేము వారం పాటు తప్పును మోసుకుని తిరిగేవాళ్లం, అన్నం తింటూ దాన్నే తలచుకునేవాళ్లం, ఆ వారంలో ఇంటిల్లిపాదీ ఆ తప్పుకు చుట్టాలైపోయేవారు. ఈ పిల్ల తప్పు మాత్రం ఈ పిల్ల ఒక్కదానిదే. రాసేదీ తనే, చూసేదీ తనే, ఏడ్చేదీ తనే. ఎదురుగా కూర్చుని, నువ్వు చెప్పింది చేశాను, చెప్పనిది చెయ్యలేదు అని ఓపిగ్గా అనే మనిషి లేదు. నాకు దొరికిన అదృష్టం ఎంతటిదో ఆ వయసులో నాకే తెలియలేదు, ఇంక దానికేం చెప్పను?

చెప్పలేదు. వంటింట్లోకి పోయి ఆరు స్టీలు గిలాసలు, డబ్బాలోంచి గుప్పెడు చింతగింజలు తెచ్చి చాప పరిచాను. అది కళ్లు తుడుచుకుని వింతగా చూసింది. ఫోనును అడగవు కదా, నన్ను అడుగు, నాకు సొంత తెలివి లేదు, నువ్వు రాసింది ఒక్కో వరసా చదువు, నేను అట్లాగే చేస్తాను అన్నాను. కాసేపు గునిసి, చివరికి నవ్వి, చాప మీదికి దిగి చదవడం మొదలుపెట్టింది. లాభం అని నా వేళ్లు కదిలాయి. గిలాసలు తెచ్చేటప్పుడే, వంటింట్లో దానికి కనబడకుండా, ఒక్కోదాంట్లో ఒక్కో గింజ వేసుకొచ్చాను.